హైరైజ్ ఆర్కిటెక్ట్ కావాలంటే హఫీజ్ కాంట్రాక్టర్ దారి పట్టవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. మీరు బి.ఆర్క్ నాలుగో ఏడాదిలో ఉన్నారు, టవర్లంటే ఇష్టం. ముంబై టవర్లతో పేరు పొందిన ఆర్కిటెక్ట్ హఫీజ్ కాంట్రాక్టర్ లాంటి కెరీర్ కావాలని క్లాసులో అంటే మీ సార్లు మొహం చిట్లించి, "అది ఆర్కిటెక్చర్ కాదు, బిల్డర్ల సేవ" అన్నారు. ఆ దారి పట్టవచ్చా, పడితే ముందు ఉద్యోగమా లేక విదేశాల్లో మాస్టర్సా అని అడుగుతున్నారు.

పట్టవచ్చు. కాకపోతే ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఎలివేషన్ (బయటికి కనిపించే ముఖం) కాదు, ప్లాను (లోపలి అమరిక). ముందు ఉద్యోగంలో చేరండి. మాస్టర్స్ ఆలోచన రెండు మూడేళ్లు సైటు దుమ్ము తిన్నాక చేయండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 24 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి తొమ్మిదేళ్లు ముంబైలో టవర్లు చేసే ఒక ఆఫీసులో, తర్వాతదంతా హైదరాబాద్‌లో. హఫీజ్ గారి ఆఫీసులో నేనెప్పుడూ పని చేయలేదు. కానీ ముంబైలో టవర్లు గీసే ఎవరూ ఆయన ప్లాన్లు చదవకుండా తప్పించుకోలేరు. మేమూ చదివాం, కాపీ కొట్టాం, తిట్టుకున్నాం కూడా.

ఆయన మొదలైన తీరు ముందు చెప్తాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. 1950లో ముంబైలో పార్సీ కుటుంబంలో పుట్టారు. స్కూల్లో మార్కులు అంతంతమాత్రం. ఒకసారి బంధువుగారి ఆర్కిటెక్చర్ ఆఫీసుకు వెళ్తే అక్కడ ఎవరో కిటికీ డీటెయిల్ గీస్తున్నారట. ఈ కుర్రవాడు చూసి, "ఈ కిటికీ తెరుచుకోదు" అన్నాడు. పందెం వేశారు. చూస్తే నిజంగానే ఆ డ్రాయింగ్ తప్పు. ఇది ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న కథ. మార్కులు చాలకపోయినా ఆర్కిటెక్చర్ కాలేజీ ప్రవేశ పరీక్ష రాసే అవకాశం దొరికిందంటే దాని వెనక ఆ కిటికీ ఉంది.

ఈ కథ విన్న విద్యార్థులు "చూశారా, మార్కులు ముఖ్యం కాదు" అని ఊరుకుంటారు. నాకు తట్టేది వేరు. గీతల్లో ఉన్న కిటికీని బుర్రలో తెరిచి చూడగలగడం, హైరైజ్ పనికి కావలసిన చూపు ఇదే. ఇండిపెండెంట్ ఇంట్లో తెరుచుకోని కిటికీ ఒక్కటే ఉంటుంది. మేస్త్రీ సైటులోనే సర్దేస్తాడు. నలభై అంతస్తుల టవర్‌లో ఆ కిటికీ నలభై చోట్ల ఉంటుంది. ఫ్లోరుకు నాలుగు ఫ్లాట్లయితే నూట అరవై.

నా సొంత తప్పే చెప్తాను. ముంబైలో నా మూడో ఏడు. ముప్ఫై రెండు అంతస్తుల రెసిడెన్షియల్ టవర్, లిఫ్ట్ లాబీ డ్రాయింగ్ నాది. కరెంటు తీగలు నిలువునా వెళ్లే ఎలక్ట్రికల్ షాఫ్ట్ తలుపు, దాని పక్కనే ఫైర్ హోస్ క్యాబినెట్ తలుపు. విడివిడిగా రెండూ సరిగ్గానే ఉన్నాయి. రెండూ ఒకేసారి తెరిస్తే ఒకదానికొకటి తగులుతాయి. నా కంట పడలేదు, మా సీనియర్ కంటా పడలేదు. పన్నెండో స్లాబు వేశాక సైట్ ఇంజినీరు ఫోన్ చేసి, "మేడమ్, ఫైర్ వాళ్లు ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ఏం చెప్పమంటారు?" అన్నాడు. పన్నెండు ఫ్లోర్లలో గోడ కొట్టి తలుపులు మార్చారు. ఆ ఖర్చు వివరం నా టేబుల్ మీద పెట్టారు, ఎవరూ ఒక్క మాట అనలేదు. అంతకన్నా తిట్టినా బాగుండేది. అప్పటినుంచి, అన్ని అంతస్తులకూ ఒకేలా తిరిగే టిపికల్ ఫ్లోర్ ప్లాన్‌లో ప్రతి తలుపునూ పెన్సిల్‌తో తెరిచి చూడందే సంతకం పెట్టను.

ఇప్పుడు పొరపాట్లు దిద్దుకునే వీలు ఇంకా తగ్గింది. హైదరాబాద్‌లో పెద్ద టవర్లు చాలావరకు మైవాన్ అనే అల్యూమినియం అచ్చుల షట్టరింగ్‌లో కడుతున్నారు. అల్యూమినియం ఫార్మ్‌వర్క్ ఆర్డర్ ఇచ్చాక గోడ, కిటికీ, స్విచ్ బోర్డు పెట్టె అన్నీ కాంక్రీట్‌తో బిగిసిపోతాయి. ఇటుక గోడల కాలంలో "చూద్దాంలే" అని వదిలేసినవన్నీ ఇప్పుడు షట్టరింగ్ డ్రాయింగ్ వెళ్లేలోపే తేలాలి.

ఇక హఫీజ్ గారి కెరీర్. మీ బ్యాచ్‌లో ఎవరూ పట్టించుకోని భాగం ఒకటుంది. 1968లో టి. ఖరేఘాట్ గారి ఆఫీసులో అప్రెంటిస్‌గా చేరారు. ముంబైలో 1975లో డిప్లొమా పూర్తి చేసి, టాటా స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో చదివారు. 1977లో అదే ఖరేఘాట్ ఆఫీసులో అసోసియేట్ పార్ట్‌నర్ అయ్యారు. సొంత ప్రాక్టీసు పెట్టింది 1982లో, ఇద్దరు సిబ్బందితో. అప్రెంటిస్‌కీ సొంత బోర్డుకీ మధ్య పద్నాలుగేళ్లు. 2016లో పద్మభూషణ్ వచ్చినప్పుడు పేపర్లు టవర్ల ఫొటోలు వేశాయి. ఈ పద్నాలుగేళ్లకు ఫొటోలు ఉండవు కదా.

1982 తర్వాత ముంబైలో కాలం ఆయనకు కలిసొచ్చింది, లేదా వచ్చిన కాలాన్ని ఆయన చదవగలిగారు. ముంబై శివారు పవాయిలో ఆయన గీసిన హీరానందానీ గార్డెన్స్ లాంటి టౌన్‌షిప్‌లు లేచాయి. 1991లో ఒకపక్క ఆర్థిక సంస్కరణలు, మరోపక్క ఎక్కడ ఎంత కట్టవచ్చో చెప్పే కొత్త డెవలప్‌మెంట్ కంట్రోల్ రూల్స్ ముంబైకి. 1995లో మురికివాడల పునరావాసానికి ప్రత్యేక అథారిటీ. 2000 తర్వాత ఐటీ క్యాంపస్‌లు, గల్ఫ్ టవర్లు. దుబాయ్‌లో 88 అంతస్తుల 23 మెరీనా ఆయన డిజైనే, ఎత్తు 390 మీటర్లు దాటుతుంది. కోల్‌కతా చౌరంగీలో 'ది 42' కూడా ఆయనదే.

ముంబై బిల్డర్ ఆయన దగ్గరకు ఎందుకు వెళ్లేవాడో తెలియాలంటే ఎఫ్‌ఎస్‌ఐ తెలియాలి. మీ కాలేజీలో దీన్ని ఒక్క లెక్చర్‌లో ముగించేసి ఉంటారు. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే అంకె అది. 1991 రూల్స్ ప్రకారం ఐలాండ్ సిటీలో, అంటే పాత నగరంలో 1.33, శివార్లలో 1. అంత ఖరీదైన నేల మీద అంత తక్కువ అంకె. మరి టవర్లు ఎలా లేచాయి? రూల్స్‌లో ఎక్కడెక్కడ అదనం దొరుకుతుందో, ఏది ఎఫ్‌ఎస్‌ఐ లెక్కలోకి రాదో వెతికి పట్టుకోవడం వల్ల. బాల్కనీ, ఫ్లవర్ బెడ్, కిటికీ పక్క గూడు లాంటివి చాలాకాలం ఆ లెక్కలోకి వచ్చేవి కావు. మా ఆఫీసులో ఫ్లవర్ బెడ్‌కు పెద్ద గౌరవం. గీసిన వాటిలో ఒక్కదాంట్లోనైనా పువ్వు పూసినట్టు నాకు గుర్తు లేదు, అన్నీ గదుల్లో కలిసిపోయేవి. 2012 జనవరిలో ఫంజిబుల్ ఎఫ్‌ఎస్‌ఐ తెచ్చి, ఇవన్నీ లెక్కలోకి లాగి, బదులుగా నివాస భవనాలకు 35 శాతం దాకా అదనపు ఎఫ్‌ఎస్‌ఐని డబ్బు కట్టి కొనుక్కోమన్నారు. రాత్రికి రాత్రే ముంబై టవర్ల ప్లాన్లు మారిపోయాయి. ముంబైలోని మా పాత ఆఫీసులో రెండు ప్రాజెక్టులు మళ్లీ మొదటి నుంచి గీశారు.

ముంబై తాడ్‌దేవ్‌లో హఫీజ్ గారు గీసిన ఇంపీరియల్ జంట టవర్లు కూడా ఇలా చదవవలసినవే. 2010లో పూర్తయ్యాయి, 60 అంతస్తులు, పైకొనలతో కలిపి 250 మీటర్లు దాటుతాయి. అందరూ ఆ కొనల్నే చూస్తారు. ఆ నేల ఒకప్పటి ఎంపీ మిల్స్ కాంపౌండ్ మురికివాడది. అక్కడివాళ్లకు ఉచితంగా ఇళ్లు కట్టిస్తే, ప్రతిఫలంగా అమ్ముకునే ఎఫ్‌ఎస్‌ఐ వస్తుంది. ఆ అంకె లేకపోతే ఆ టవర్లే లేవు. అంటే అక్కడ ఆర్కిటెక్ట్ మొదట డిజైన్ చేసింది ఒక లెక్కను. ఇదే పథకం కింద ముంబైలో చాలాచోట్ల పునరావాస బ్లాకుల్ని గాలీ వెలుతురూ ఆడనంత దగ్గరగా ఇరికించారు. నేను పని చేసిన ఒక ప్రాజెక్టులోనే రెండో అంతస్తు వంటింట్లో మిట్టమధ్యాహ్నం లైటు వేసుకోవాల్సి వచ్చేది. మీ సార్ల కోపంలో ఈ భాగం ఉంటే అది న్యాయమైన కోపం.

హైదరాబాద్‌లో ఈ ఆటే వేరు. ముంబై తెలివి ఇక్కడ ఉన్నదున్నట్టు పని చేయదు. 2006లో జీవో 86తో ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు, 2012 నాటి జీవో 168 కూడా అదే దారిలో వెళ్లింది. ఎంత కట్టవచ్చో రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ కలిసి తేలుస్తాయి. ఎత్తు పెరిగేకొద్దీ సెట్‌బ్యాక్ పెరుగుతుంది. "పరిమితి లేదు కాబట్టి ఎంతైనా లేపొచ్చు" అనుకునే కుర్రవాళ్లకు నేను ఒక లెక్క ఇస్తుంటాను, మీరూ చేయండి.

60 మీటర్లు పొడవు, 60 మీటర్లు వెడల్పు ఉన్న స్థలం అనుకోండి, ఎకరానికి కాస్త తక్కువ. 27 మీటర్ల ఎత్తుకు నాలుగు వైపులా 9 మీటర్లు వదలాలనుకుందాం. మిగిలేది 42 మీటర్ల చదరం, ఫ్లోరుకు 1764 చదరపు మీటర్లు. తొమ్మిది అంతస్తులకు 15,876. అదే స్థలంలో బాగా ఎత్తుకు వెళ్తే 16 మీటర్లు వదలాలనుకుందాం. మిగిలేది 28 మీటర్ల చదరం, 784 చదరపు మీటర్లు. ఇరవై అంతస్తులు కట్టినా 15,680 దగ్గరే ఆగుతారు. అంటే ఇరవయ్యో అంతస్తు దాకా మీరు సంపాదించింది ఏమీ లేదు. పైగా లిఫ్టులు, పంపులు, ఫైర్ ఏర్పాట్లు, కాంక్రీట్ గ్రేడు, అన్నిటికీ ఖర్చు పెరిగింది. లాభం ఇరవై ఒకటో అంతస్తు నుంచి మొదలు. కోకాపేట, నార్సింగి వైపు పెద్ద స్థలాల్లో టవర్లు లేవడం, చిన్న స్థలాల వాళ్లు తక్కువ ఎత్తులో ఆగిపోవడం వెనక ఈ లెక్క ఉంది. ఒక క్లయింటు 45 అంతస్తులు కావాలని పట్టుబడితే ఈ కాగితం ముందు పెట్టాను. పది నిమిషాలు చూసి, "అయితే పక్క స్థలం కూడా మాట్లాడతా" అని లేచి వెళ్లాడు. ఆరు నెలల తర్వాత నిజంగానే కొనుక్కొచ్చాడు.

తర్వాత కోర్. లిఫ్టులు, మెట్లు, షాఫ్టులు, లాబీ ఉండే నడిబొడ్డు. ఫ్లోరు 800 చదరపు మీటర్లు అనుకుంటే కోర్ నాలుగో వంతు తింటోందా, ఐదో వంతు తింటోందా అన్నదాంట్లో తేడా 40 చదరపు మీటర్లు. నలభై అంతస్తులకు 1600, అడుగుల్లో 17,000 పైనే. బిల్డర్ పాత ఆర్కిటెక్ట్‌ను వదలకుండా పట్టుకుని ఉండేది ఈ 17,000 అడుగుల కోసం.

అలాగని కోర్‌ను పిసికేస్తే కుదరదు. ఫ్లోరుకు నాలుగు ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు, నలభై అంతస్తులు. 640 మంది. పొద్దున రద్దీలో ఐదు నిమిషాల్లో వాళ్లలో 7 శాతం దిగాలంటే 45 మంది. ఒక లిఫ్టులో ఎనిమిది మంది పట్టి, వెళ్లి రావడానికి రెండున్నర నిమిషాలు తీసుకుంటే ఆ ఐదు నిమిషాల్లో పదహారు మందిని దింపుతుంది. మూడు లిఫ్టులు కావాలి. సామాన్లకు, ఫైర్‌మెన్‌కు ఉండాల్సింది వేరే. ఇందులో ఒక్కటి తగ్గించినా బిల్డర్ అమ్ముకుని వెళ్లిపోతాడు, ఏడాది తర్వాత అసోసియేషన్ మీటింగుల్లో మీ పేరు మోగుతుంది. మెట్ల విషయంలో అసలు బేరమే లేదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ దృష్టిలో 15 మీటర్లు తాకితే చాలు, హైరైజ్. 24 మీటర్లు దాటితే సాధారణంగా రెఫ్యూజ్ ఏరియా, అంటే మంటలప్పుడు జనం తలదాచుకునే ఖాళీ చోటు ఉండాలి. "రెఫ్యూజ్‌ను క్లబ్ లాంజ్‌లా వాడుకుందాం" అన్న క్లయింట్లు నాకు ఇద్దరు తగిలారు. ఒకరికి నచ్చజెప్పాను, రెండో ప్రాజెక్టు వదిలేశాను. నా ఫీజులో చివరి భాగం ఇవాళ్టికీ రాలేదు.

సెల్లార్ సంగతి కాలేజీలో ఎవరూ చెప్పరు కాబట్టి ఒక్క మాట. ఒక్కో కారుకు రెండున్నర మీటర్లు, రెండు స్తంభాల మధ్య మూడు కార్లు పట్టాలంటే ఏడున్నర మీటర్ల ఖాళీ. పైన బెడ్‌రూమ్ గోడ ఎక్కడుండాలో కింద కారు నిర్ణయిస్తుంది. హైదరాబాద్ నేలలో రాయి తగిలితే ప్రతి సెల్లార్ అంతస్తూ బ్లాస్టింగ్ ఖర్చే. అందుకే ఫ్లాట్ల కంటే ముందు కార్లు సర్దుతాం. విద్యార్థులు తలకిందులుగా చేసి చివరికి స్తంభాన్ని డ్రైవ్‌వే మధ్యలో నిలబెడతారు.

మళ్లీ మీ సార్ల దగ్గరికి వద్దాం. పవాయిలో స్తంభాలు, ముక్కోణపు నుదుళ్లు పెట్టుకున్న అపార్ట్‌మెంట్లు, మైసూరు ఇన్ఫోసిస్ శిక్షణ కేంద్రం మీద యూరప్ నుంచి దిగినట్టున్న గుమ్మటం, ఇవి నాకూ నచ్చవు. ఎండా వానా దండిగా ఉన్న దేశంలో ముఖానికి అద్దం, పంటికింద రాయిలా ఒక గ్రీకు స్తంభం దేనికో నాకు అర్థం కాదు. క్లయింటుకు కావలసింది ఇస్తానని ఆయన దాపరికం లేకుండా చెప్తారు. ఆ నిజాయితీ నాకు ఇష్టం, ఆ జవాబు మాత్రం చాలదు.

టవర్ ఇంకోలా కూడా ఉండొచ్చని చూపినవాడు మన సికింద్రాబాద్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్ చార్లెస్ కొర్రియా. ముంబై కంబాలా హిల్ మీద ఆయన కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్స్ 1983లో పూర్తయింది. 28 అంతస్తులు, 84 మీటర్లు, 32 ఫ్లాట్లు. స్ట్రక్చర్ శిరీష్ పటేల్. ముంబైలో గాలి, సముద్రం పడమటి వైపు. మధ్యాహ్నపు ఎండ, వర్షపు జల్లు కూడా అటునుంచే. కొర్రియా మూలల్ని రెండంతస్తుల ఎత్తున తొలిచి తోట వరండాలు పెట్టారు. పాత బంగళాల చుట్టూ వరండా చేసే పని అవి ఆకాశంలో చేస్తాయి. ముంబైలో ఉన్న రోజుల్లో ఏమీ తోచని ఆదివారాల్లో వెళ్లి కింద నుంచి చూసి వచ్చేదాన్ని. కాకపోతే ఇదీ గుర్తుంచుకోండి: అది 32 సంపన్న కుటుంబాల ఇల్లు. ఫ్లోరుకు ఎనిమిది ఫ్లాట్లు, అడుగు రేటు ముందే ప్రకటించిన బిల్డర్, పద్దెనిమిది నెలల గడువు ఉన్నప్పుడు ఆ వరండాను ఎలా బతికించాలో కాంచన్‌జంగా చెప్పదు.

హఫీజ్ గారికీ కొర్రియాకూ మధ్య అసలు తగాదా అందం గురించి కాదని నా అభిప్రాయం. నేల కొరతగా ఉంది కాబట్టి పైకి కట్టి కింద నేల మిగుల్చుకోవాలని హఫీజ్ గారు ఎన్నాళ్లుగానో వాదిస్తున్నారు. తక్కువ ఎత్తులోనే ఎక్కువమందికి ఇళ్లు ఇవ్వవచ్చని కొర్రియా నవీ ముంబై బేలాపూర్‌లో కట్టి చూపారు. పైన వేసిన సెట్‌బ్యాక్ లెక్క మరోసారి చూడండి, కొర్రియా మాటను తీసిపారేయలేమని తెలుస్తుంది. కానీ హైదరాబాద్ పశ్చిమాన నేల ధర వింటే హఫీజ్ గారి మాటా కొట్టిపారేయలేం. నేను రోజూ ఈ రెంటి మధ్యే కూర్చుని గీస్తున్నాను.

ఇక ఉద్యోగమా, మాస్టర్సా. హైరైజ్ అంటే కాలేజీలో దొరికే సబ్జెక్ట్ కాదు. ఫైర్ కన్సల్టెంటు, స్ట్రక్చరల్ ఇంజినీరు, లిఫ్ట్ కంపెనీ, శాంక్షన్లు చూసే లైజనింగ్ మనిషి, నలుగురూ ఒకే గదిలో కొట్లాడుకుంటుంటే మధ్యలో మీ డ్రాయింగ్ మిగలాలి. అది చూస్తేనే వస్తుంది. పేరున్న ఆఫీసు కన్నా, మూడేళ్లలో ఒక టవర్‌ను పునాది నుంచి ఓసీ (జనం చేరవచ్చనే అనుమతి పత్రం) దాకా చూడనిచ్చే ఆఫీసు వెతకండి. ఇంటర్వ్యూలో "మీకు ఏ సాఫ్ట్‌వేర్ వచ్చు" అని మాత్రమే అడిగి, సైటుకు పంపుతారా అన్న మీ ప్రశ్నకు నవ్వేస్తే అక్కడ మీకు రెండరింగులే, అంటే కంప్యూటర్ బొమ్మలే మిగులుతాయి. స్ట్రక్చర్ మీరు చేయకపోయినా, 50 మీటర్లు దాటిన కాంక్రీట్ టవర్లకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 16700 ఒక్కసారైనా తిరగేయండి. ఎత్తుకు వెడల్పుకు ఉండాల్సిన పొంతన మీద ఇంజినీరు ఎందుకు మొండికేస్తాడో తెలుస్తుంది, మీటింగులో గౌరవమూ దక్కుతుంది.

మాస్టర్స్‌కు ఆ తర్వాత వెళ్తే ఏం అడగాలో తెలిసి వెళ్తారు. హఫీజ్ గారు కూడా కొలంబియాకు వెళ్లేసరికి ఆఫీసు బల్ల దగ్గర ఏళ్లు గడిపి ఉన్నారు.

మీ థీసిస్ టవరే అంటున్నారు కదా. టిపికల్ ఫ్లోర్ ప్లాన్, ఒక సెల్లార్ ప్లాన్ పంపండి, తీరిక చూసుకుని చూస్తాను. తలుపులన్నీ తెరిచిన స్థితిలో గీసి పంపండి. ఎలివేషన్ ఇప్పుడే అక్కర్లేదు.